డల్లాస్ నుంచి అమరిల్లోకు, స్నేహితుడి మైనర్ లీగ్ బేస్‌బాల్ ఆట చూడటానికి: వెళ్ళివచ్చినవారు చెప్పగలరు

ప్లానో పాంథుడు: కళాశాలలో నా గదిలోనే ఉన్న మిత్రుడు ఇప్పుడు టెక్సస్ లీగ్‌లో, డబుల్-ఏ స్థాయిలో (మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద) పిచ్చర్‌గా, అంటే బంతి వేసేవాడిగా, ఆడుతున్నాడు. వచ్చే వారం అతని జట్టు అమరిల్లోకు వస్తోంది కనుక, శుక్రవారం సెలవు పెట్టి నలుగురం కారులో వెళ్దామనుకుంటున్నాము. దారి ఎలా ఉంటుంది? బస ఎక్కడ మంచిది? ఆట అయ్యాక అతన్ని కలవనిస్తారా?

మూడు వందల అరవై మైళ్ళు: దారి, బస తరువాత చూసుకోవచ్చు, ముందు అతను ఏ రోజు బంతి వేస్తాడో కనుక్కోండి. ఆ ఒక్క మాట అడగకుండా నేను 287 నంబరు రహదారి మీద విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ దాటుకుంటూ ఆరు గంటలు నడిపి వెళ్తే, మా తమ్ముడి స్నేహితుడు ఆ సాయంత్రమంతా డగౌట్‌లో, అంటే మైదానం పక్కన జట్టు కూర్చునే చోట, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చున్నాడు. 2021 నుంచి ఒకే ఊరిలో మంగళవారం మొదలుకొని ఆదివారం దాకా ఆరు ఆటలు ఆడుతున్నారు, ఆట మొదలుపెట్టే పిచ్చర్‌కు ఆ వారంలో మామూలుగా ఒక్క రోజే వస్తుంది.

బాలానగర్ బావ: టికెట్లు మాత్రం కొనకండి, ఆటగాళ్ళ చేతిలో పాసులు ఉంటాయి. నేను ఏడుగురిని తీసుకువెళ్ళి ఒక్క డాలరు ఖర్చు పెట్టలేదు.

ఎడమచేతి వాటం: ఏడు పాసులా? ఆ పాసుల కోసం అతని తల్లిదండ్రులు, భార్య కూడా ఎదురు చూస్తారని మీకు తోచలేదా? 2021కి ముందు ఈ స్థాయిలో కనీస వేతనం వారానికి 350 డాలర్లు, అదీ ఆటలు జరిగే నెలల్లోనే. 2023 ఒప్పందం వచ్చాకే అది ఏడాదికి 30,250 అయింది. మనం నెలకు సంపాదించేదానితో అతను చాలాకాలం గడుపుతున్నప్పుడు, టికెట్టు కొని, రాత్రి భోజనం పెట్టించడం స్నేహితులుగా మన బాధ్యత.

బాలానగర్ బావ: పాసు ఇస్తే అతని జేబులోంచి ఏమీ పోదు. నా స్నేహాన్ని మీరు లెక్క కట్టనక్కరలేదు.

ఫ్రిస్కో సీజన్ టికెట్: పన్నెండేళ్ళుగా డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో డబుల్-ఏ ఆటలను ఒకే సీటులో కూర్చుని చూస్తున్నవాడిగా చెబుతున్నాను, మీరిద్దరూ అసలు ప్రమాదాన్ని వదిలేశారు. శుక్రవారానికి ఆ మిత్రుడు ఆ జట్టులోనే ఉండకపోవచ్చు. భారతీయ మూలాలున్న తల్లికి పుట్టిన కుమార్ రాకర్ 2024లో ఫ్రిస్కో జట్టుకు ఆడి, అదే ఏడాది సెప్టెంబరులో మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్ తరఫున బంతి వేశాడు. పైకి పిలుపు రాత్రికి రాత్రే వస్తుంది. బయలుదేరే ఉదయం జట్టు జాబితా మరోసారి చూసుకోండి, రద్దు చేసుకోగల హోటల్ గదే తీసుకోండి.

బుల్‌పెన్ పక్కన: అతను మధ్యలో వచ్చే పిచ్చర్ అయితే ఏ రోజు వేస్తాడో అతనికే తెలియదు. అప్పుడు బుల్‌పెన్ (పిచ్చర్లు ముందుగా బంతులు వేసి సిద్ధమయ్యే చోటు) దగ్గరి సీట్లు తీసుకోండి. నా చిన్ననాటి మిత్రుడు బంతి పట్టు జారకుండా చేతికి రాసుకున్న తెల్లని రోజిన్ పొడి ప్యాంటు మీద వేళ్ళ అచ్చులుగా పడటం, బంతి గ్లోవులో పడినప్పుడు వచ్చే చప్పుడు, అక్కడి నుంచే చూశాను, విన్నాను. ఆ రాత్రి అతన్ని పిలవనే లేదు, అయినా నాకు ఆ ప్రయాణం వృథా అనిపించలేదు. ఇంకొక మాట: అమరిల్లో సుమారు 3,600 అడుగుల ఎత్తున ఉంది, పల్చని గాలిలో బంతి దూరం పోతుంది. అతని బంతిని ఎవరైనా మైదానం కంచె దాటించి హోమ్ రన్ కొడితే అది పూర్తిగా అతని తప్పని అనుకోకండి, భోజనం దగ్గర ఆ ప్రస్తావన తేకండి.

ఎడమచేతి వాటం: ఆ భోజనం బిల్లు మీరే కట్టారని ఆశిస్తున్నాను.

ప్లానో పాంథుడు: ఇప్పుడే మాట్లాడాను. తన వంతు ఆదివారమట, ఆట ముగియగానే జట్టు బస్సు బయలుదేరుతుందట. అందుకే శుక్రవారం మానేసి శనివారం వెళ్తున్నాము. నాలుగు టికెట్లు కొనేశాను, ఆ రాత్రి భోజనానికి రమ్మని అతన్ని పిలిచాను, సోమవారానికి సెలవు అడిగాను.