పూరేకు నిజంగా మారిన ఆకేనా?

అంకురం: పూరేకులంటే మారిన ఆకులని పాఠాల్లో చదివాం. నేను ఒప్పుకోను. లేత మొగ్గను నిలువుగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాను. చిన్న బుడిపెగా మొదలై రేకుగానే పెరుగుతుంది. మధ్యలో ఆకు ఎక్కడుంది?

కేసరి: పేరులోనే ఉంది కదండీ, ఆకర్షణపత్రం అని.

అంకురం: పేరు పెట్టింది మనిషి, మొక్క కాదు.

పచ్చకొమ్మ: జర్మన్ కవి గోథే 1790లో ఈ మాట అన్నప్పుడు అది ఊహే. 1991లో కోయెన్, మేయెరోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు, పువ్వు భాగాలను మూడు రకాల జన్యువులు తేలుస్తాయనే ఎ-బి-సి నమూనా ఇచ్చాక ఊహ కాదు. ‘ఎ’ జన్యువులు మాత్రమే పనిచేస్తే రక్షకపత్రం, ఎ-బి కలిస్తే రేకు, బి-సి కలిస్తే కేసరం, ‘సి’ ఒక్కటే అయితే అండకోశం. ప్రయోగాల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో మూడింటినీ పోగొడితే పువ్వులో అన్నీ ఆకుల్లాంటివే వస్తాయి. 2001లో తిరగేసి కూడా చూపించారు: సెపల్లాటా అనే మరో రకం జన్యువులతో సహా తగినవాటిని ఆకులో పనిచేయిస్తే అది రేకులా తయారైంది. ఇంకేం కావాలి?

తొలకరి: కాగితం పువ్వులో రంగువన్నీ ఆకులేగా!

అంకురం: అవి పుష్పపుచ్ఛాలు, అంటే పువ్వును అంటిపెట్టుకుని ఉండే ఆకులు; చర్చ వాటి గురించి కాదు. పచ్చకొమ్మ గారూ, "ఆకుల్లాంటివి" అని మీరే రాశారు. ‘సి’ దెబ్బతింటే కేసరాల చోట రేకులొస్తాయి, చాలా ముద్ద పువ్వులు అలా వచ్చినవే. అంతమాత్రాన కేసరాన్ని మారిన రేకు అంటామా?

పచ్చకొమ్మ: ఒక్క మాట పట్టుకుని ఎంతసేపు లాగుతారు?

అంకురం: లాగుతాను. ఇదే పరీక్షలో రాస్తే నాకు సున్నా వేశారు. అడగడానికి వెళ్తే పుస్తకం చూపించి పంపేశారు. మొగ్గ తీసుకెళ్తే కనీసం చూడలేదు.

కేసరి: కలువలో బయటి రేకు నుంచి లోపలి కేసరం దాకా వరసగా చూడండి. ఎక్కడ గీత గీస్తారో చెప్పండి.

పచ్చకొమ్మ: సున్నా వేయడం అన్యాయం. మీరు ఒక్క మొగ్గ గురించి చెబుతున్నారు, నేను లక్షల తరాల వంశం గురించి చెబుతున్నాను. మొగ్గలో ఆకు రేకుగా మారదు, నిజమే. కానీ ఆకైనా రేకైనా కొనలో కొత్త కణాలు పుట్టే విభాజ్య కణజాలం పక్కన, ఆక్సిన్ అనే హార్మోన్ పోగైన చోటే బుడిపెగా లేస్తుంది. అది ఏమవ్వాలో జన్యువులు తేలుస్తాయి.

అంకురం: మరి పుస్తకంలో అలాగే రాయొచ్చుగా! సరే, వంశమే చూద్దాం. చాలా మొక్కల్లో రేకులు కేసరాల నుంచి వచ్చాయని వాదించేవాళ్లున్నారు.

పచ్చకొమ్మ: కేసరమూ ఆకు కోవలోదే.

అంకురం: ఇదే మన అసలు తగువు. కుక్సోనియా అనే అతి పాత నేల మొక్క శిలాజాల్లో ఆకు లేదు, కొమ్మ చివర సిద్ధబీజాలు పుట్టే సంచి, అంటే సిద్ధబీజాశయం మాత్రం ఉంది. కేసరం పుప్పొడి సంచుల రూపంలో మోస్తున్నదీ సిద్ధబీజాశయాలనే. ఆకు కన్నా ముందు పుట్టినదాన్ని ఆకు కోవలోకి ఎలా చేరుస్తారు?