ఏడాదికి 25 వేలు: పెద్ద మెడిక్లెయిమ్ ఒక్కటే మేలా, చిన్నది తీసుకుని క్రిటికల్ ఇల్‌నెస్ కూడా పెట్టుకోవాలా?

గాజువాక_నాన్న

నమస్కారమండీ. నాకు 38, మా ఆవిడకి 34, బాబుకి 8. పరవాడ ఫార్మాలో పని చేస్తున్నాను. కంపెనీ పాలసీ 3 లక్షలు ఉంది, అదీ ఉద్యోగం ఉన్నంతవరకే. సొంతంగా పాలసీకి ఏడాదికి 25 వేలు దాకా పెట్టగలను, అంతకుమించి నా వల్ల కాదు.

ఏజెంటు రెండు దారులు చెప్పాడు. ఒకటి, 10 లక్షల ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే పాలసీ), పైన సూపర్ టాప్-అప్ (బిల్లులు ఒక హద్దు దాటాక మిగతాది కట్టే అదనపు పాలసీ). రెండోది, 5 లక్షల ఫ్లోటర్, దాంతోపాటు నా ఒక్కడి పేరున 20 లక్షల క్రిటికల్ ఇల్‌నెస్, అంటే బిల్లుతో పనిలేకుండా పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బు చేతికిచ్చే పాలసీ. ప్రీమియం రెండింటికీ దగ్గర దగ్గరగానే ఉంది. మా బాబాయ్ క్రిటికల్ ఇల్‌నెస్ డబ్బు దండగ అంటున్నాడు. ఇంట్లో జీతం నాదొక్కటే. నాన్నకి 72, షుగరుంది, ఆయన్నీ ఇందులోనే కలపాలా? వారం నుంచి ఇదే టెన్షన్, కాస్త చెప్పండి.

సీతమ్మధార_మాస్టారు

బాబూ, నాదీ మీ బాబాయ్ మాటే. ముందు ఆసుపత్రి బిల్లు సంగతి గట్టిగా చూసుకోండి.

2022లో నాకు స్టెంట్లు వేశారు. పాలసీ 3 లక్షలది. అందులో రూము అద్దె రోజుకి 1 శాతం, అంటే 3 వేలు దాటకూడదని రాసి ఉందట. నేను చదవలేదు. ఆ రోజు ఖాళీగా ఉన్నది 6 వేల రూము, సరేనన్నాం. డిశ్చార్జ్ రోజు పొద్దున్న పదింటికి డాక్టరు ఇంటికెళ్లొచ్చన్నారు. మా అబ్బాయి బిల్లింగ్ కౌంటర్ దగ్గర సాయంత్రం ఐదింటి దాకా నిలబడ్డాడు. చివరికి చేతికొచ్చిన కాగితం చూస్తే, పరిమితికి రెట్టింపు రూము తీసుకున్నామని రూము అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, థియేటరు ఛార్జీ, నర్సింగ్ అన్నీ సగానికి కోసేశారు. మొత్తం బిల్లు 2,80,000. స్టెంట్లు, మందులు, టెస్టులు కలిపి 1,30,000 జోలికి పోలేదు. మిగిలిన లక్షన్నరలో సగం, 75 వేలు, మా నెత్తిన పడింది. గ్లవ్స్, సిరంజీలు అంటూ ఇంకో 8 వేలు. మా కోడలు గాజులు తీసి ఇచ్చింది. ఆ పూట ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

అందుకే చెప్తున్నాను, రూము అద్దెకి పరిమితి లేని పెద్ద పాలసీ తీసుకోండి. ఆరిలోవ హెల్త్ సిటీలోనో రామ్‌నగర్‌లోనో ఒక పెద్ద ఆపరేషన్ పడితే 5 లక్షలు ఎంతసేపు నిలుస్తాయి? ఇక క్రిటికల్ ఇల్‌నెస్ అంటారా, నా స్టెంట్లకి అది ఉన్నా పైసా రాదని తర్వాత తెలిసింది. ఛాతీ తెరిచి బైపాస్ చేస్తేనే ఇస్తారట. అవసరానికి రాని పాలసీ ఎందుకు?

కంచరపాలెం_అక్క

మాస్టారూ, మీరు చెప్పింది బిల్లు గురించి. బిల్లు కట్టేశాక ఇంటికొచ్చిన మనిషి గురించి నేను చెప్తాను.

మా ఆయనకి ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది. 44 ఏళ్లకే పక్షవాతం వచ్చింది. 11 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. 3 లక్షల 60 వేలు బిల్లయితే ఫ్లోటర్ దాదాపు అంతా కట్టేసింది. ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇంటికొచ్చిన నాలుగో వారం షాపుకి తీసుకెళ్లమన్నారు. కొలతలు తీసే వెర్నియర్ ఎడమ చేత్తో పట్టుకోబోతే జారి కిందపడింది. వంగి తీసి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేశారు. ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఏడు నెలలు ఆ షట్టరు లేవలేదు.

ఆ ఏడు నెలలూ షాపు అద్దె 9 వేలు, ఇంటి అద్దె 8 వేలు, లేత్ మీద బ్యాంకు వాయిదా 14 వేలు, పైన ఇద్దరు పిల్లల ఫీజులు. ఫిజియోథెరపీకి పూటకి 500. డిశ్చార్జయ్యాక 60 రోజుల వరకే పాలసీ ఇచ్చింది, తర్వాతంతా మాదే. మెడిక్లెయిమ్ ఎంత పెద్దదైనా ఇంటి అద్దె కట్టదు మాస్టారూ. తమ్ముడూ, నీ ఇంట్లో సంపాదించేది నువ్వొక్కడివే అన్నావు కదా. నా మాట విని క్రిటికల్ ఇల్‌నెస్ వదలకు.

సీతమ్మధార_మాస్టారు

అమ్మా, మీరు పడ్డ కష్టం చదువుతుంటే మనసు బరువెక్కింది. ఒక్కటే అడుగుతాను, ఆ పాలసీ ఉంటే మీకు డబ్బు వచ్చేదేనా? నిర్వచనాలు చూపించి లేదంటారేమోనన్నదే నా భయం.

క్లెయిమ్స్_డెస్క్

పదకొండేళ్లు ఒక టీపీఏలో (బీమా కంపెనీల తరఫున క్లెయిములు పరిశీలించే సంస్థ) క్లెయిములు చూశాను, ఇప్పుడు మానేశాను. మాస్టారుగారి భయంలో నిజముంది, అలాగని పూర్తి నిజమూ కాదు.

అక్కగారి విషయంలో వచ్చేది. పక్షవాతానికి పెట్టిన షరతు, నరాల లోపం కనీసం 3 నెలలు నిలిచి ఉండాలని. మూడు నెలలు దాటాక న్యూరాలజిస్టుతో 'ఎడమ చేతి బలహీనత ఇంకా ఉంది' అని రాయించుకోవాలి, స్కాన్ రిపోర్టు జతచెయ్యాలి. ఆ ఒక్క కాగితం లేక ఆగిపోయిన ఫైళ్లు నేను చాలా చూశాను.

మాస్టారుగారూ, యాంజియోగ్రామ్‌లో బ్లాక్ కనిపించి స్టెంట్ వేస్తే మామూలుగా రాదు, మీ మాట సరే. కానీ గుండెపోటు వచ్చి, ఈసీజీలో కొత్త మార్పులు, రక్తంలో ట్రోపోనిన్ లాంటివి పెరిగినట్టు రుజువుంటే గుండెపోటు కిందే ఇవ్వాలి. తర్వాత స్టెంట్ వేసినంత మాత్రాన అది పోదు. మీ డిశ్చార్జ్ సమ్మరీలో ఏం రాశారో ఒకసారి చూసుకోండి. క్యాన్సర్‌కీ మెలిక ఉంది. చుట్టుపక్కల కణజాలంలోకి పాకని తొలి దశకి ఇవ్వరు. పాలసీ తీసుకున్న మొదటి 90 రోజుల్లో బయటపడితే రాదు. జబ్బు తేలాక 30 రోజులు బతికి ఉండాలన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

గాజువాక తమ్ముడూ, ఏజెంటు చెప్పిన రెండు దారులే ఎందుకు? 5 లక్షల ఫ్లోటర్, రూము పరిమితి లేనిది తీసుకో. 5 లక్షల డిడక్టిబుల్‌తో 20 లక్షల సూపర్ టాప్-అప్ పెట్టు. ఏడాదిలో అన్ని బిల్లులూ కలిపి 5 లక్షలు దాటాకే అది పని మొదలుపెడుతుంది కాబట్టి చవగ్గా వస్తుంది. మిగిలిన డబ్బుకి ఎంత వస్తే అంత క్రిటికల్ ఇల్‌నెస్, నీ పేరున మాత్రమే. ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. నీ కొటేషన్‌లో ఆ లైను ఉంటే అది పాత కాగితం, కొత్తది అడుగు.

నాన్నగారిని ఫ్లోటర్‌లో కలపొద్దు. ప్రీమియం ఇంట్లో పెద్దవారి వయసుని బట్టి వేస్తారు. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ముందు అది చేయించు.

మధురవాడ_కుర్రోడు

తెల్ల కార్డుంటే రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో 25 లక్షల దాకా ఉంది కదండీ, ఇదంతా ఎందుకు?

కంచరపాలెం_అక్క

ఉంటే తప్పకుండా వాడుకోవాలి బాబూ. కానీ బకాయిల గొడవతో ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులూ చూశాం. పైగా ఆ రోజు నీకు దొరికే డాక్టరు ఆ జాబితాలో ఉండాలి.

సీతమ్మధార_మాస్టారు

డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూశాను. బ్లాకులనే ఉంది, గుండెపోటు అని లేదు. కాబట్టి నాకు రాకపోదును. సంపాదించేవాడు ఒక్కడే అయిన ఇంటికి అక్కగారి మాట ఒప్పుకుంటున్నాను. నాలాంటి పెన్షనుదారుకి మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను, నేను మంచాన పడ్డా పెన్షను ఆగదు కదా.

క్లెయిమ్స్_డెస్క్

అవునండీ. జీతం ఆగిపోయే మనిషికే అది. తమ్ముడూ, ఒక్క విషయం మాత్రం మరిచిపోకు. ప్రపోజల్ ఫారం నువ్వే చదివి, నువ్వే నింపు. ఉన్న జబ్బు చెబితే మహా అయితే 3 ఏళ్లు వెయిటింగ్, అంటే అన్నాళ్లు ఆ జబ్బుకి క్లెయిము రాదు. 2024 ఏప్రిల్ నుంచి అంతకన్నా ఎక్కువ పెట్టకూడదు. దాచిపెట్టి దొరికిపోతే పాలసీయే రద్దు చేస్తారు. నేను తిరస్కరించాల్సి వచ్చిన క్లెయిముల్లో నన్ను బాగా బాధపెట్టినవి అలాంటివే.

గాజువాక_నాన్న

అందరికీ దణ్ణాలండీ. కొత్త కొటేషన్ తెప్పించాను. 5 లక్షల ఫ్లోటర్, 20 లక్షల సూపర్ టాప్-అప్, నా పేరున 15 లక్షల క్రిటికల్ ఇల్‌నెస్ కలిపి 23,400 అయింది. నాన్న కార్డుకి ఆధార్ పట్టుకుని రేపు సచివాలయానికి వెళ్తున్నాను.

ఏజెంటు నింపి పంపిన ఫారం ఇప్పుడే తెరిచి చూశాను. నేను రెండేళ్లుగా రోజూ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటున్నాను. అది అతనికి చెప్పాను కూడా. 'రక్తపోటు ఉందా' అన్న చోట 'లేదు' అని టిక్ పెట్టి ఉంది. ఫోన్ చేస్తే "అది రాస్తే ప్రీమియం పెరుగుద్ది సార్" అన్నాడు. పెరిగితే పెరగనీ, మార్చి పంపమన్నాను.