కొత్త రైఫిల్, ఇంట్లో చేసిన తూటాలు: ఒకరోజు అరంగుళం, మర్నాడు అంగుళంన్నర!

ప్రశ్న (డాలస్ తమ్ముడు):
అన్నలకు నమస్కారం. జింకల సీజన్ కోసం 6.5 క్రీడ్‌మోర్‌లో (అదొక తూటా సైజు) కొత్త బోల్ట్ రైఫిల్ (ప్రతి దెబ్బకూ చేత్తో గడియ లాగేది) కొన్నాను. (ఊళ్లో అమ్మకు ఇంకా చెప్పలేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఇండియాలో జింకను వేటాడితే జైలే కదా.) తూటాలు నేనే చేసుకుంటున్నాను. 140 గ్రెయిన్ల (బరువు కొలత) బుల్లెట్, మాన్యువల్లో (తూటాల తయారీ పుస్తకంలో) చెప్పిన తుపాకీ మందే. మందు కొద్దికొద్దిగా పెంచుతూ ఎనిమిది రకాలు చేసి, ఒక్కోటి మూడేసి 100 గజాల దగ్గర కాల్చాను. ఒక రకం మూడూ అరంగుళంలో పడ్డాయి. సంబరపడి అదే లోడ్ (అదే బుల్లెట్, అంతే మందు) 50 తూటాలు చేసేశాను. మర్నాడు ఐదు కాలిస్తే అంగుళంన్నర! టెన్షన్‌గా ఉంది. మందు మార్చాలా, బుల్లెట్ మార్చాలా?

జవాబు (హ్యూస్టన్ అన్న):
తమ్ముడూ, ప్రస్తుతానికి ఏదీ మార్చకు. మూడు దెబ్బలు చూసి లోడ్ తేల్చేశావు, చిక్కంతా అక్కడే. ఒకే లోడ్‌ని ఎనిమిది సార్లు మూడేసి కాల్చినా ఒక గ్రూపు (కాగితం మీద దెబ్బలు పడ్డ గుంపు) ముచ్చటగా వస్తుంది, ఒకటి చెదిరిపోతుంది. నీకు మొదటి రోజు ముచ్చటైనది దొరికింది, అంతే. అదే లోడ్ పది కాల్చు. వేట రైఫిల్ బారెల్ సన్నగా ఉంటుంది, త్వరగా వేడెక్కుతుంది. మూడు కాల్చి, బారెల్ ముట్టుకుంటే చల్లగా తగిలేదాకా ఆగు.

అంతకంటే ముందు స్కోప్ (గురి చూసే దుర్భిణి) బేస్ స్క్రూలు, దాన్ని పట్టే రింగులు, స్టాక్ (రైఫిల్ పిడి) స్క్రూలు చూడు. టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో చూపే రెంచ్), తయారీదారు చెప్పినంతే బిగించు. నేను రెండు నెలలు మూడు రకాల మందు మార్చాను. చివరికి చూస్తే బేస్‌లో ఒక స్క్రూ వదులు! ఆ మందు డబ్బాల ఖర్చు మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉండీ పది దెబ్బల గ్రూపు నచ్చకపోతే, అప్పుడు బుల్లెట్‌ని కేసులో (తూటా గొట్టంలో) ఎంత లోతుకు దించుతున్నావో చూడు. తూటా మ్యాగజైన్‌లో పట్టాలి, బుల్లెట్ ముక్కు బారెల్ లోపలి గాడులకు ఒరుసుకోకూడదు. లోతు పెంచినా ప్రెషర్ పెరుగుతుంది, గాడులకు తగిలినా పెరుగుతుంది. అందుకే లోతు మార్చినా, మందు, బుల్లెట్, ప్రైమర్ (మందును అంటించేది), కేసు బ్రాండ్ ఏది మార్చినా మళ్లీ మాన్యువల్లోని స్టార్ట్ లోడ్ (మొదలుపెట్టాల్సిన తక్కువ మందు) నుంచే మొదలుపెట్టు. బోల్ట్ ఎత్తడం బరువైనా, కేసు అడుగున మెరిసే గుర్తు పడినా ప్రెషర్ ఎక్కువైందన్నమాట, ఆపేయ్, మాన్యువల్ గరిష్ఠానికి నువ్వింకా చేరకపోయినా సరే. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి.

జవాబు (ఆస్టిన్ నుంచి):
తమ్ముడు హెచ్-1బీ మీద ఉంటే ఒక మాట. ఆ వీసా వాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ దాని గడువు దాటకూడదు. ఈ సీజన్‌దే జేబులో పెట్టుకో.

ఇంకోటి. జింక నిన్ను మూడు దెబ్బలు కాల్చనివ్వదు. చల్లని బారెల్‌తో పడే మొదటి దెబ్బే లెక్క. రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ మొదటి తూటాను ఒకే కాగితం మీద కాల్చి, ఆ కాగితం దాచుకో. ఐదారు రోజుల దెబ్బలు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే రైఫిల్ సంగతి తెలిసిపోతుంది.

డాలస్ తమ్ముడు (రెండు వారాల తర్వాత):
అన్నా, ముందువైపు బేస్ స్క్రూ పావు చుట్టు తిరిగింది! బిగించి, ఆగి ఆగి పది కాల్చాను. అంగుళం పైన కొంచెం. చల్లని బారెల్ దెబ్బలు మూడు రోజులవీ రెండంగుళాల్లోపే ఉన్నాయి. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిది అంగుళాలంటారు కాబట్టి లోడ్ ఇక ముట్టుకోను. మిగిలిన తూటాలు బల్ల మీద కాదు, మోకాలి మీద కూర్చుని కాలుస్తాను. అక్కడ నా గ్రూపు అడక్కండి.