తుఫాను తర్వాత తీరంలో మోనార్క్: గాలి తెచ్చిందా, ఎవరైనా వదిలారా?

ప్రశ్న (తీరంగాలి): బ్రిటన్ నైరుతి కొసన సిలీ దీవుల్లో, అక్టోబరు తుఫాను వెలిశాక మోనార్క్ సీతాకోకచిలుక కనబడితే, అది ఉత్తర అమెరికా నుంచి అట్లాంటిక్ దాటి వచ్చిందని ఎలా తేల్చాలి? వేడుకల్లో వదిలే పెంపుడువీ ఉంటాయి కదా. రెక్కలు చిరిగి ఉంటే దూరం నుంచి వచ్చినట్టేనా? నీరసంగా పడి ఉంటే ఏం పట్టాలి?

పాతవల: చిరిగిన రెక్కల్ని నమ్ముకోకండి. బోనులో రెండు రోజులు కొట్టుకున్నా అంచులు అలాగే పోతాయి. అదే వారంలో వేర్వేరు చోట్ల నాలుగైదు కనబడి, వాటితోపాటు దారితప్పిన అమెరికా పక్షులూ దిగాయంటే గాలి పనే. జూన్‌లో ఊరి నడుమ ఒక్కటే తిరుగుతుంటే పెంపుడుదని అనుకోవచ్చు. ఇంకో మెలిక: దక్షిణ స్పెయిన్‌లో, కేనరీ, మదీరా దీవుల్లో మోనార్క్‌లు స్థిరపడ్డాయి. దక్షిణపు గాలైతే అక్కడివీ కావచ్చు.

అందుకే గాలిదారిని వెనక్కి లెక్కకట్టాలి. ఆ లెక్క కట్టే కంప్యూటర్ నమూనా హైస్ప్లిట్ ఆన్‌లైన్‌లో ఉచితం. 500, 1000, 1500 మీటర్ల ఎత్తుల్లో మూడుసార్లు నడపండి. చాలామంది నేలమట్టం గాలితోనే సరిపెడతారు, కానీ అక్కడ రాపిడి వల్ల వేగం తగ్గుతుంది, దిక్కూ మారుతుంది. పైగా మీరు చూసిన గంట అది దిగిన గంట కాదు. కాబట్టి ముందటి మూడు రోజులకూ ఆరేసి గంటల ఎడంతో నడపండి. న్యూయార్క్ నుంచి సిలీకి 5000 కి.మీ. పైమాటే. గంటకు 55 కి.మీ. గాలి ఆగకుండా తోస్తే నాలుగు రోజుల్లోపే.

జిల్లేడుపాలు: ముందు చలి సంగతి చూడండి. సుమారు 13 డిగ్రీల కంటే తక్కువైతే దాని కండరాలు ఎగరనివ్వవు. అది దెబ్బ కాదు, ఎండ తగిలే చోట పెడితే చాలు. ఆకలికి ఒక చెంచా చక్కెర, పది చెంచాల నీళ్లు. చిక్కగా కలిపితే తొండానికి అంటుకుని గట్టిపడుతుంది. దూది తడిపి కాళ్లు దానిమీద ఆనించండి. సీతాకోకచిలుకకు కాళ్లతోనూ రుచి తెలుస్తుంది, తొండం చాలాసార్లు తనే విప్పుకుంటుంది. లేకపోతే గుండుసూది మొన చుట్టలో దూర్చి మెల్లగా చాపండి.

పాతవల: చనిపోయినదైతే పారేయకండి. 2013 అక్టోబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా తీరపు ఇసుకలో పెయింటెడ్ లేడీ అనే మరో జాతి సీతాకోకచిలుకలు దొరికాయి. వాటి ఒంటిమీది పుప్పొడి డీఎన్ఏలో ఆఫ్రికా పొదలు బయటపడ్డాయి. రెక్కల్లోని హైడ్రోజన్, స్ట్రాన్షియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) గొంగళిపురుగుగా ఎక్కడ మేసిందో చెప్తాయి, ఎందుకంటే రెక్క తయారయ్యాక అవి మారవు. అలా తేలినది 4200 కి.మీ., 5 నుంచి 8 రోజుల ప్రయాణం. గాలి సాయం లేకపోతే 780 కి.మీ. దాటవని 2024లో అచ్చయిన ఆ పరిశోధన లెక్క. అన్నట్టు, అక్కడ తోసింది తుఫాను కాదు, వ్యాపార పవనాలు.

కాబట్టి ఒళ్లు తుడవొద్దు. ప్లాస్టిక్ కవరులో బూజు పడుతుంది. తెల్లకాగితం ముక్కోణపు పొట్లంగా మడిచి, తేదీ, వేళ, చోటు ముందే రాసి, ఆ తర్వాతే లోపల పెట్టండి. పెట్టాక రాస్తే పెన్ను ఒత్తిడికి రెక్క విరుగుతుంది.