కుజుడి దారి లెక్క 180 డిగ్రీల దగ్గర తన్నేస్తోంది, సాయం చేయగలరా?

కుజుడి మీదికి మనుషులు ఎప్పుడెళ్తారని అందరూ అడుగుతారు. నా చిక్కు దారి లెక్కతో. గ్రహాలు ఒకే తలంలో, వృత్తాల్లో తిరుగుతాయనుకుంటే హోమన్ మార్గానికి (రెండు కక్ష్యలనూ తాకుతూ తక్కువ ఇంధనంతో వెళ్లే అర్ధ దీర్ఘవృత్తం దారి) 259 రోజులు. బయల్దేరేటప్పుడు కుజుడు 44 డిగ్రీలు ముందుండాలి. 300 కిలోమీటర్ల భూకక్ష్య నుంచి సెకనుకు 3.6 కిలోమీటర్ల అదనపు వేగం చాలు. ఇక్కడిదాకా పేచీ లేదు.

అసలు కక్ష్యలతో లాంబర్ట్ పద్ధతిలో (రెండు చోట్లు, ప్రయాణ కాలం ఇస్తే దారి కనుక్కునే లెక్క) చేస్తే, ప్రయాణ కోణం, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే కోణం, 180కి దగ్గరయ్యేకొద్దీ కావాల్సిన వేగం అమాంతం పెరుగుతోంది. కుజుడి కక్ష్య 1.85 డిగ్రీలు వాలి ఉంది కదా, అందుకే దారి తలం నిటారుగా లేస్తోంది. సరిగ్గా 180 దగ్గర తలమే తేలదు.

మధ్యలో ఇంజిన్ మండించి తలం మార్చడం చవకా, 180 దాటిన పొడవాటి దారి చవకా? మండించేది గమ్యానికి 90 డిగ్రీల ముందేనా? పైథాన్ కోడ్ ఉంటే పంపండి.