నాన్నకు హంటింగ్టన్ అని తేలింది, నేనూ పరీక్ష చేయించుకోవాలా?

నాన్నకి 54 ఏళ్లు. నాలుగైదేళ్లుగా చిన్నదానికే కోపం, అనుమానం. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకరోజు కంచం గోడకేసి కొట్టారు. అసలు ఆయన గొంతు పెంచడం మా వీధిలో ఎవరూ విని ఉండరు. తాగుడు మొదలెట్టాడేమో అన్నారు చుట్టాలు. ఒక డాక్టరుగారు డిప్రెషన్ అని మందులిచ్చారు. తర్వాత చేతివేళ్లు వాటంతటవే కదలడం మొదలైంది. పోయిన నెల జన్యు పరీక్షలో హంటింగ్టన్ వ్యాధి అని తేలింది, అంటే మెదడును మెల్లమెల్లగా దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు.

నాకు అర్థమైనంతవరకు, 4వ క్రోమోజోమ్ మీద ఒక జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క పదేపదే వస్తుంది. 40 సార్లు, అంతకు మించి ఉంటే జబ్బు ఖాయమట. నాన్న రిపోర్టులో 44. ఈ జన్యువును 1993లోనే కనిపెట్టారు, నయం చేసే మందు మాత్రం ఇంకా లేదు. నాకు వచ్చే అవకాశం సగానికి సగం.

నాకు 27. సంబంధాలు చూస్తున్నారు. "ఇది బయటికి పొక్కితే ఎవరూ రారే" అంటోంది అమ్మ. దాచి పెళ్లి చేసుకోవడం నాకిష్టం లేదు. చేతిలోంచి గ్లాసు జారినా టెన్షనే.

లక్షణాలేవీ లేకుండానే ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఉన్నారా? హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లినవాళ్లుంటే, ముందు కౌన్సెలింగ్ ఎలా ఉంటుందో చెప్పండి. ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించి, ఈ లోపం లేనిదాన్నే గర్భంలో పెట్టొచ్చని చదివాను. ఎవరైనా చేయించారా, ఎంతైంది?

ఇంకోటి, నాన్నకు కోపమొచ్చినప్పుడు ఎదురు చెప్పాలా, పక్కకెళ్లిపోవాలా? మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?