పాత డల్సిమర్‌కి నకలా, ప్రతా?

గుంపులో పెద్దలందరికీ నమస్కారం. నేను అమెరికాలో, వర్జీనియాలో ఉంటాను. ఇక్కడి అపలాచియన్ కొండల్లో పుట్టిన మౌంటెన్ డల్సిమర్ అనే తీగల వాద్యాన్ని చేస్తాను, వాయిస్తాను. ఇప్పటి దుకాణాల్లో దొరికే రకం కాదు. 19వ శతాబ్దంలో కొండ ఊళ్లవాళ్లు ఇంట్లో చేసుకున్న వాద్యాల కొలతలు తీసుకుని, అవి ఎలా ఉన్నాయో అలాగే మళ్లీ చేస్తాం. ఇంగ్లీషులో వీటిని రిప్రొడక్షన్లు అంటారు. ఈ పని మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

నకలు అనగానే రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకునే దస్తావేజు నకలు గుర్తొస్తుంది. నకిలీ కూడా అదే అరబీ మాట నుంచి వచ్చింది కాబట్టి మోసం వాసన ఎంతో కొంత అంటుకునే ఉంటుంది. ప్రతిరూపం అంటే చూడ్డానికి అలా ఉంటే చాలు, మోగకపోయినా ఫరవాలేదన్నట్టు వినిపిస్తుంది. పునర్నిర్మాణం కూలిపోయిన గుడికి సరిపోతుంది, ఇక్కడ పాత వాద్యం చెక్కుచెదరకుండా మ్యూజియంలోనే ఉంది.

నాకు నచ్చిన మాట ‘ప్రతి’. తాళపత్ర గ్రంథాల వాళ్లు వాడే అర్థంలో. మాతృక ఒకటి ఉంటుంది, దాన్ని ముందు పెట్టుకుని లేఖకుడు ప్రతి రాస్తాడు. మాతృకలో తప్పు అనిపించినది కనబడినప్పుడు ఉన్నదున్నట్టు దింపాలా, దిద్దాలా అన్న ప్రశ్న అతనికి వస్తుంది. బ్రౌన్ దొర కడప బంగళాలో పండితుల చేత ప్రతులు రాయించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించినప్పుడు తేలాల్సింది కూడా అదే. మా పనిలో గొడవంతా సరిగ్గా అక్కడే ఉంది.

వాద్యం గురించి కొంచెం చెప్పాలి. 1619లో ప్రెటోరియస్ తన గ్రంథంలో వర్ణించిన షైట్‌హోల్ట్ అనే జర్మన్ వాద్యం దీనికి పూర్వీకం. పెన్సిల్వేనియాకి వలస వచ్చిన జర్మన్లు అలాంటి వాద్యాలు వాయించేవారు. వాళ్లు, వాళ్ల పొరుగువాళ్లు షెనాండోవా లోయ వెంట దక్షిణానికి కదిలిన కొద్దీ వాద్యం రూపు మారింది. పొడవాటి సన్నని పెట్టె, దాని నడుమ నిలువునా ఒక పలక, పలక మీద మూడు నాలుగు తీగలు. ఒడిలోనో బల్ల మీదో అడ్డంగా పెట్టుకుని ఎడమ చేత్తో చిన్న పుల్లను ఒక్క తీగ మీదే జరుపుతారు. కుడిచేత్తో బాతు ఈకో టర్కీ కోడి ఈకో పట్టుకుని తీగలన్నీ కలిపి మీటుతారు. పాట నడిచేది ఒక్క తీగ మీద, మిగిలినవి శ్రుతి పలుకుతూనే ఉంటాయి. వర్జీనియాలో గేలాక్స్ చుట్టుపక్కల వాళ్లయితే నాలుగు తీగలనూ ఒకే స్వరానికి బిగించి, డ్యాన్సు పాటలు మహా జోరుగా వాయిస్తారు. కెంటకీలోని నాట్ కౌంటీలో జేమ్స్ ఎడ్వర్డ్ థామస్ (1850–1933) నడుము సన్నగా ఉండే రకం చేసేవాడు. 1871లో మొదలుపెట్టి దాదాపు 1500 చేశాడని చెబుతారు. తర్వాత ఆ నమూనానే జెత్రో ఆంబర్జీ కొనసాగించాడు.

ఇక మెట్ల (ఫ్రెట్ల) సంగతి. పాత వాద్యాల్లో చాలావాటికి మెట్లు పలక వెడల్పంతా ఉండవు. సన్నటి తీగను ముక్కలుగా కోసి, రెండు కొసలూ వంచి, ఒక్క పాట తీగ కిందే చెక్కలోకి దిగ్గొడతారు. పన్నెండు స్వరస్థానాలూ ఉండవు. వట్టి తీగ నుంచి పైకి వెళ్తే వచ్చేది మన హరికాంభోజి. మూడో మెట్టును షడ్జమం అనుకుంటే శంకరాభరణం, మొదటి మెట్టు నుంచి నటభైరవి, నాలుగో మెట్టు నుంచి ఖరహరప్రియ. స్వరాలు అవే ఉంచి షడ్జమం చోటు మారిస్తే రాగం మారడాన్ని మనం గ్రహభేదం అంటాం, అదే ఈ చెక్కపెట్టె మీద కళ్లెదురుగా కనిపిస్తుంది. కొండవాళ్లు పాటను బట్టి తీగ శ్రుతి మార్చుకుని, షడ్జమాన్ని మరో మెట్టుకు జరుపుకునేవారు.

20వ శతాబ్దంలో ఆరో మెట్టుకీ ఏడో మెట్టుకీ మధ్య ఇంకో మెట్టు వచ్చింది. దాన్ని ఆరున్నర మెట్టు అంటారు. మన లెక్కలో కైశికి నిషాదం పక్కన కాకలి నిషాదం చేర్చడం. దాంతో వట్టి తీగ నుంచే శంకరాభరణం దొరికింది, శ్రుతి మార్చే అవసరం తగ్గింది. ఇప్పుడు అమ్మే వాద్యాల్లో అది దాదాపు తప్పనిసరి. పాత వాద్యానికి ప్రతి చేస్తూ ఆ మెట్టు పెడితే, నా దృష్టిలో అది పాఠాన్ని దిద్దినట్టే. వాయించడానికి సుఖంగా ఉంటుంది, నిజమే. కానీ ఆనాటి మనిషి పాటకీ పాటకీ మధ్య శ్రుతి సర్దే బిరడా ఎందుకు తిప్పేవాడో ఆ వాద్యం ఇక చెప్పదు. అందుకే అడుగుతున్నాను, ఇంత బరువు మోయగల మాట ఏది?

వీణ టీచరుగారి జవాబు:

బాబూ, చాలా సంతోషం. మెట్లు, బిరడాలు అని మన మాటలే వాడావు, అలాగే ఉంచు. దర్శనం మొగులయ్యగారి కిన్నెరను కూడా పన్నెండు మెట్ల కిన్నెర అనే అంటాం కదా, మెట్టు అన్నది వీణకే పరిమితం కాదు. నా సందేహం ఒకటే. ఆ మెట్లను చెవితో పెట్టేవారా, కొలతతోనా? వీణకి మైనం మీద మేళం కట్టేటప్పుడు, అంటే మెట్లు అమర్చేటప్పుడు, మేం చెవినే నమ్ముతాం. మాతృకలో గాంధారం కాస్త పక్కకి ఉంటే నీ ప్రతిలోనూ అలాగే ఉంచుతావా?

పోస్టు పెట్టినవారు:

అలాగే ఉంచుతానండీ. పాతవాటిలో చాలా మెట్లు చెవితో పెట్టినవిగానే అనిపిస్తాయి, పియానోలా సమానంగా పంచినవి కావు. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలిస్తే, షడ్జమం నుంచి పియానో అంతర గాంధారం 400 సెంట్లు. శ్రుతితో కలిసిపోయే శుద్ధమైన గాంధారం 386. పక్కనే శ్రుతి తీగలు ఆగకుండా మోగుతుంటే ఆ 14 సెంట్ల తేడా చెవికి తెలుస్తుంది. కొన్ని పాత వాద్యాల్లో గాంధారం ఈ రెండింటిలో దేనికీ అందదు, అది ఆ ఊరి రుచో, చేసినవాడి చెయ్యో. నేను తేల్చకూడదు. మెట్టు ఎక్కడుంటే అక్కడే దిగ్గొడతాను. వాయించగా వాయించగా పాటే దానికి సర్దుకుంటుంది. సర్దుకున్నాక వేరే వాద్యం మీద అదే పాట చప్పగా అనిపించిందండీ నాకు.

ఇంకొకరి జవాబు:

ప్రతి బాగుంది కానీ వాక్యంలో ఇబ్బంది పెడుతుంది. “ప్రతి డల్సిమర్ ఇలాగే మోగాలి” అని రాస్తే చదివేవాళ్లు ఒక్కొక్క డల్సిమరూ అనే అనుకుంటారు. అచ్చు పుస్తకాలకి కూడా వెయ్యి ప్రతులు అంటాం, అక్కడ చేతిపని ఊసే లేదు. ప్రతికృతి అంటే పోదా?

పోస్టు పెట్టినవారు:

మంచి పాయింటు పట్టారు. ప్రతికృతి అంటే నాకు బొమ్మ, విగ్రహం కళ్లముందుకొస్తాయి. ప్రతిని పేరు తర్వాత పెడితే ఆ చిక్కు పోతుందనుకుంటాను: “థామస్ డల్సిమర్‌కి ప్రతి చేశాను”, “ఈ ప్రతికి మాతృక కెంటకీది”. మాతృక పక్కన ఉంటే ఒక్కొక్క అనే అర్థం రాదు. అచ్చు ప్రతులకన్నా ముందు వెయ్యేళ్లు చేతి ప్రతులే కదండీ, ఆ అర్థం ఇంకా చచ్చిపోలేదు.

మరొక సభ్యురాలు:

అన్నా, దానియేలు 3వ అధ్యాయంలో ఇంగ్లీషు బైబిల్లో డల్సిమర్ అని ఉంటుంది. మన తెలుగు బైబిల్లో ఆ వాద్యాల వరసలో విపంచిక ఉంది. డల్సిమర్‌ని విపంచి అనేస్తే ఎంత అందంగా ఉంటుంది!

పోస్టు పెట్టినవారు:

అందంగానే ఉంటుందమ్మా, కానీ వద్దు. బైబిల్లో ఇంగ్లీషువాళ్లు డల్సిమర్ అన్నచోట అరమాయిక్ మూలంలో ఉన్నది సుంపోన్యా. సుంఫోనీయ అని తెలుగు బైబిల్ ఆ మాటను కూడా నిలుపుకుంది. దానికీ ఈ కొండ వాద్యానికీ సంబంధం లేదు. పుల్లలతో కొట్టి వాయించే డల్సిమర్ ఇంకొకటుంది, మన సంతూర్‌కి చుట్టం. ఇది దానికీ చుట్టం కాదు, పేరొక్కటే కలిసింది. విపంచికి మన దగ్గర సొంత చరిత్ర ఉంది: నాట్యశాస్త్రంలో అది తొమ్మిది తంత్రుల వీణ, కోణంతో, అంటే మీటే సాధనంతో, వాయించేది. ఆ పేరు తెచ్చి ఇక్కడ పెడితే రెండింటికీ అన్యాయం. డల్సిమర్‌ని డల్సిమర్ అనే రాస్తాను.

వీణ టీచరుగారు:

కోణం ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. అమరకోశంలో “కోణో వీణాదివాదనమ్” అని ఉంది. ఆ ఈకకి కోణం అని రాయవచ్చు కదా? ఎడమచేతి పుల్లకి మరి గోటు?

పోస్టు పెట్టినవారు:

టీచరుగారూ, కోణం అంటే ఇప్పటి పాఠకుడికి లెక్కల క్లాసు గుర్తొస్తుంది. ఈక అని రాస్తే ఈకే కనబడుతుంది, పైగా అది నిజంగా ఈకే. గోటువాద్యంలో మెట్లు ఉండవు, గోటు తీగ మీద తేలుతూ జారుతుంది. ఇక్కడ పుల్ల తీగను మెట్టు పక్కన అదిమి పట్టాలి, స్వరం తేల్చేది మెట్టు. పని వేరు కాబట్టి ఆ పేరు పెట్టలేను. ఇక్కడివాళ్లు నోటర్ అంటారు, నేను మొదటిసారి ‘నోటర్ పుల్ల’ అని, తర్వాత ‘పుల్ల’ అని రాస్తాను.

వ్యాసంలో మొదటి వాక్యం ఇలా అనుకుంటున్నాను, ఎక్కడైనా తేడాగా ఉంటే చెప్పండి: “ఈ డల్సిమర్ ఒక పాత కెంటకీ వాద్యానికి ప్రతి, మాతృకలో లేని ఆరున్నర మెట్టు ఇందులోనూ లేదు.”

వీణ టీచరుగారు:

తేడా ఏమీ లేదు బాబూ. “ఇందులోనూ పెట్టలేదు” అను. పెట్టగలిగీ పెట్టలేదని తెలియాలి కదా.